ఏడు తెల్ల చీటీలు

చదవేస్తే ఉన్న మతి పోయిందనే సామెతను మా పెవెరిల్ కాలేజీ గేటు మీద చెక్కించి ఉండాల్సింది. దానికి బదులు లాటిన్‌లో ఇంకేదో చెక్కించారు. దాని అర్థమేమిటో నాలుగేళ్ళలో నేను కనుక్కోలేదు. నాది రాజనీతిశాస్త్రం. లాటిన్ పక్క బిల్డింగులో చెప్పేవారు, అంత దూరం ఎవరు నడుస్తారు?

వెర్మాంట్ కొండల మధ్య ఎల్డన్ అనే ఊళ్ళో ఉంది మా కాలేజీ. విద్యార్థులం తొమ్మిది వందల మందిమి, ఊళ్ళో జనం అంతకంటే కాస్త ఎక్కువ. రాజనీతిశాస్త్రంలో ఆఖరి ఏడాది వాళ్ళం ఏడుగురం. వారానికి రెండుసార్లు ప్రొఫెసర్ హాబర్ సెమినార్‌లో గుడ్డు ఆకారపు బల్ల చుట్టూ కూర్చుని, ఆవిడ ఇంటి నుంచి కాల్చి తెచ్చిన ఓట్స్ బిస్కెట్లు నములుతూ, భూమ్మీద ఉన్న ప్రతి రాజ్యాంగానికీ వంకలు పెట్టేవాళ్ళం. మాలో ఎవరూ ఏ మాటా సూటిగా అనరు. "నువ్వన్నది తప్పు" అనడానికి "దాన్ని కొంచెం విప్పి చూద్దామా" అంటాం. విప్పడమే గాని మళ్ళీ మడతపెట్టడం మాకెవరికీ చేతకాదు.

నా పేరు ఇంగ్రిడ్ మేయో. ఆ ఏడుగురిలో ఎక్కువ విప్పేది నేనే.

నా సిద్ధాంత వ్యాసం ఎల్డన్ ఊరి సభ మీద. ప్రతి మార్చిలో మొదటి మంగళవారం ఊరంతా స్కూలు వ్యాయామశాలలో చేరి, మడత కుర్చీల్లో కూర్చుని, రోడ్ల దగ్గర్నుంచి కుక్కల లైసెన్సుల దాకా అన్నీ నోటితోనే తేల్చేస్తారు. సభాపతి అడుగుతాడు, సరేననేవాళ్ళు "ఔను" అంటారు, కాదనేవాళ్ళు "కాదు" అంటారు, ఏ గోల పెద్దదైతే అది గెలుస్తుంది. మూడేళ్ళు వరసగా వెళ్ళి వెనక కూర్చున్నాను. ఊరికే కూర్చోలేదు. ఫోనులో శబ్దం కొలిచే యాప్ పెట్టుకుని, ఏ అంశానికి ఎంత గట్టిగా "ఔను" అన్నారో కొలిచి గ్రాఫులు గీశాను. ఇది చెప్పుకోడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది గాని, అప్పుడు ఆ గ్రాఫుల్ని నా మంచం పక్కన గోడకి అంటించుకున్నాను.

ఆ గ్రాఫుల్లో ఒకటి నన్ను బాగా కలవరపెట్టింది. అది ఊరి బండి గ్రాఫు. పన్నెండు సీట్ల ఆ బండి, సొంతంగా కారు నడపలేనివాళ్ళని సిటీ ఆస్పత్రికి తీసుకెళ్ళి తీసుకొస్తుంది. ఏటేటా దాన్ని కొనసాగించాలా వద్దా అని సభ తేల్చాలి. ఏటేటా "ఔను" గెలుస్తోంది. కానీ ఆ "ఔను" ఏడాదికేడాది నీరసపడుతోంది. ఎందుకు? నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. హార్వీ పెల్.

హార్వీ పెల్ కంకర అమ్ముతాడు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, ఆ బండికి ప్రతి ఏడూ లేచి నిలబడి అడ్డం చెప్పేది ఆయనొక్కడే. ఆయన గొంతుకి నా ఫోను ముల్లు ఎర్ర గీత దాటేది. "పాపం మెతక జనం ఈ పెద్ద గొంతుకి జడిసి నోరు నొక్కుకుంటున్నారు. రహస్యంగా ఓటేయనిస్తే గుండెలో మాట బయటకొస్తుంది" అని నేను నలభై పేజీలు రాశాను. అధస్సూచికలతో సహా.

ఆ బండి ఎవరికోసమో నాకు తెలియక కాదు. అందులో ఎక్కేవాళ్ళలో ముఖ్యురాలు వెల్మా ట్రాస్క్. మా భోజనశాల గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని మా భోజనం కార్డులు మిషన్‌లో గీకేది ఆవిడే. యాభై ఆరేళ్ళుంటాయి. చక్కెర జబ్బు ముందు కిడ్నీల్ని తినేసి, తర్వాత చూపుని పట్టింది. సోమ, బుధ, శుక్రవారాలు తెల్లారే బండెక్కి సిటీకి వెళ్ళి, నాలుగు గంటలు రక్తం శుభ్రం చేయించుకుని, మధ్యాహ్నానికల్లా మాకు కార్డులు గీకడానికి వచ్చి కూర్చునేది. ముఖం సున్నం కొట్టినట్టుండేది, నోరు మాత్రం ఆగేది కాదు.

సభకి ముందురోజు నేను కార్డిస్తే అడిగింది. "రేపు వస్తున్నావా తల్లీ?"

"రాకుండానా? మా సెమినార్ మొత్తం వస్తున్నాం."

"అమ్మయ్య. ఈసారి నాకు భయంగానే ఉంది. బండి పోతే నేను సిటీలో ఆస్పత్రి పక్కన ఏదో ఒక గది చూసుకోవాలి. ఈ కుర్చీ ఉండదు, మీ మొహాలూ ఉండవు. ముప్పై ఒక్క ఏళ్ళయింది ఇక్కడ." గొంతు తగ్గించింది. "నువ్వు ఔనంటావుగా?"

నేను చెప్పిన జవాబు వినండి. "ప్రక్రియ న్యాయంగా జరిగేలా చూస్తాను వెల్మా."

"అంటే?"

"అంటే... అందరి గొంతూ వినబడేలా."

"సరే బంగారం. సూప్ చల్లారిపోతుంది, పో" అంది.

ఆ మధ్యాహ్నమే సెమినార్లో వ్యూహం పన్నాం. వెర్మాంట్ చట్టం ప్రకారం ఏడుగురు ఓటర్లు అడిగితే చాలు, నోటి ఓటు ఆపి చీటీల ఓటు పెట్టాలి. మేమూ ఎల్డన్‌లోనే ఓటర్లుగా నమోదయ్యాం. సరిగ్గా ఏడుగురం. దేవుడే లెక్క చూసి పంపాడనుకున్నాను. ఏడుగురం లేచి చీటీలు అడగాలని చిటికెలో ఒప్పుకున్నాం. పేచీ ఎక్కడొచ్చిందంటే, ఆ చీటీ మీద మేమేం రాయాలన్న దగ్గర.

"మనం మే నెలలో వెళ్ళిపోయేవాళ్ళం" అన్నాడు డెస్మండ్. మాలో అందరికంటే సున్నితమైన మనసు వాడిది, అపాలజీ చెప్పకుండా తలుపు కూడా తెరవడు. "ఆ బండి మనం ఎక్కం. పన్ను మనం కట్టం. వాళ్ళ ఊరి సంగతిలో మన చదువుకున్న గొంతు దూర్చడం నాకు బాగా అనిపించట్లేదు."

"పైగా మనం గమనించడానికి వెళ్తున్నాం. గమనించేవాళ్ళు తూకంలో చెయ్యి పెట్టకూడదు" అన్నాను నేను. చీటీలు అడగడం తూకంలో చెయ్యి పెట్టడం కాదా అని ఎవరూ అడగలేదు. అడిగితే "ప్రక్రియ అనేది తటస్థం, మూడో అధ్యాయం చూడండి" అని చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను.

రెండు గంటలు విప్పి చూసి, ఏకగ్రీవంగా నిర్ణయించాం. ఖాళీ చీటీలు వేద్దాం. ఇతరుల చోటు ఆక్రమించకుండా ఉండటమే మర్యాద. బండి ఎలాగూ గెలుస్తుంది కదా! ప్రొఫెసర్ హాబర్ "చాలా ఆసక్తికరంగా ఉంది" అంది. ఆవిడ మంచి వ్యాసాలకీ చెత్త వ్యాసాలకీ కూడా అదే మాట అంటుందని మాకు తెలుసు. అయినా పొంగిపోయాం.

మంగళవారం పొద్దున రోడ్లన్నీ మంచు కరిగి బురద. వ్యాయామశాలలో తడి బూట్ల వాసన, పక్క గదిలో చర్చి ఆడవాళ్ళు ఉడికిస్తున్న చిక్కుడుగింజల సూప్ వాసన. జనం కుర్చీల్లో స్వెటర్లు అల్లుకుంటూ కూర్చున్నారు. వెల్మా ఎప్పట్లాగే ముందు వరసలో, మంచి కోటు వేసుకుని కూర్చుంది. మేం ఏడుగురం వెనక వరసలో, నోట్‌బుక్కులతో.

సభాపతి ఆల్డెన్ కట్లర్. మామూలు రోజుల్లో రంపం మిషన్లు బాగుచేస్తాడు. బండి అంశం రాగానే హార్వీ పెల్ లేచాడు.

"మళ్ళీ నేనే" అన్నాడు. జనం నవ్వారు. "వెల్మా, నీ మీద నాకేం లేదని నీకు తెలుసు."

"తెలుసు హార్వీ, కానియ్యి" అంది వెల్మా, తల తిప్పకుండానే.

"నాకు ఆ బండి మీదే కోపం. పన్నెండు సీట్లు, ఎక్కేది నలుగురు. ఆ నలుగురినీ నలుగురు పొరుగువాళ్ళు తీసుకెళ్ళలేరా? నేను కాదంటాను. అంతే." కూర్చున్నాడు.

నా ఫోను ముల్లు ఎర్ర గీత దాటింది. నా గుండె కూడా. లేచాను. నాతోపాటు ఆరుగురు లేచారు. "అధ్యక్షా, చీటీల ఓటు కోరుతున్నాం. ఏడుగురం ఉన్నాం."

హాల్లో స్వెటర్లు అల్లే సూదులు ఆగిపోయాయి. కట్లర్ కళ్ళజోడు పైనుంచి మమ్మల్ని చూశాడు. "ఈ అంశానికా? ఎప్పుడూ ఎవరూ అడగలేదమ్మా."

"చట్టం ఒప్పుకుంటుందండీ."

"ఒప్పుకుంటుంది. నేను అడిగింది అది కాదు" అని, ఊరి గుమాస్తావిడ వైపు తిరిగి, "చీటీలు పంచండి" అన్నాడు.

నేను కూర్చుంటూ వెల్మా వీపు వైపు చూసి, ఆవిడకి మేలు చేశానని నిజంగా మురిసిపోయాను. వరసలో నిలబడి, తెల్ల కాగితం ముక్క నాలుగు మడతలు పెట్టి పెట్టెలో వేశాను. నా వెనక డెస్మండ్ తన చీటీ వేస్తూ ఆ పెట్టె పట్టుకున్నావిడకి థాంక్స్ చెప్పాడు.

ఇరవై నిమిషాల తర్వాత కట్లర్ కాగితం చేతిలోకి తీసుకున్నాడు. గొంతు సవరించుకుని మళ్ళీ ఒకసారి మనసులో చదువుకున్నాడు.

"ఔను, యాభై ఎనిమిది. కాదు, అరవై మూడు." కాగితం తిరగేశాడు. "ఖాళీ చీటీలు, ఏడు. బండి అంశం ఓడిపోయింది."

హాలంతా ముందు వెల్మా వైపు చూసింది. ఆ తర్వాత, ముందే అనుకున్నట్టు, నూట ఇరవై తలలు వెనక వరస వైపు తిరిగాయి. రహస్య ఓటు గురించి నలభై పేజీలు రాసినదాన్ని, ఆ ఊరి చరిత్రలో నా ఓటంత బట్టబయలైన రహస్యం మరొకటి ఉండదు. యాభై ఎనిమిదికి ఏడు కలిపితే అరవై ఐదు. ఈ కూడిక చెయ్యడానికి డిగ్రీ అక్కర్లేదు. అల్లికలు ఒళ్ళో పెట్టుకున్న ముసలమ్మలు అప్పటికే చేసేశారు.

నేనూ చేశాను. కానీ నాకు రూల్సు వచ్చు కదా! మళ్ళీ లేచాను. "అధ్యక్షా! పునఃపరిశీలన కోరుతున్నాను!"

"ఎలా కోరతావమ్మా?" అన్నాడు కట్లర్, చాలా ఓపిగ్గా. "గెలిచిన పక్షాన ఓటేసినవాళ్ళే అది అడగాలి. నువ్వు కాదని వేశావా?"

"లేదండీ."

"పోనీ ఔనని వేశావా?"

"లేదండీ."

"మరి?"

"నేను... తటస్థం."

వెనకనుంచి ఎవరో "గోడ మీద పిల్లి" అన్నారు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదనిపించింది.

కట్లర్ హాలు వైపు తిరిగాడు. "కాదని వేసినవాళ్ళలో ఎవరైనా సరే, మళ్ళీ ఓటు పెట్టమని అడగొచ్చు. లేచి అడిగితే చాలు. ఎవరైనా ఉన్నారా?"

నా వ్యాసంలో ఏమేం లేవో అప్పుడు తెలిసింది. అరవై ముగ్గురున్నారు ఆ గదిలో. లేచి నిలబడినవాడు, వెల్మా కళ్ళెదుట, నేనే నీకు వ్యతిరేకంగా వేశానని ఒప్పుకున్నట్టు. జనం బూట్ల వైపు చూసుకున్నారు, సూప్ గది తలుపు వైపు చూశారు. అప్పటిదాకా ఏటేటా ఆ బండిని నడిపించింది నేను గుండెలో మాట అనుకున్నది కాదు, ఉత్త మొహమాటం. ఎదురుగా మనిషి కూర్చుని ఉండగా కాదనలేకపోవడం. నేను ఆ ఒక్క ఆసరానీ తీసి చీటీల పెట్టెలో పడేశాను. నా గ్రాఫు తప్పు చెప్పలేదు. వాళ్ళు హార్వీకి జడిసి గొంతు తగ్గించలేదు. వాళ్ళకి నిజంగానే మనసు తగ్గుతూ వచ్చింది.

చివరికి కుర్చీ కిర్రుమంది. హార్వీ పెల్.

"నేను కాదని వేశాను" అన్నాడు. "ఇది అందరికీ తెలిసిందే. మళ్ళీ ఓటు పెట్టమని అడుగుతున్నాను."

"హార్వీ, నువ్వు గెలిచావయ్యా" అన్నాడు కట్లర్.

"ఇదా గెలుపు? పదకొండేళ్ళు వెల్మా మొహం మీదే కాదన్నాను. ఈరోజు అరవై రెండు మంది నా వెనకాల దాక్కుని అదే మాట అన్నారు. నాకు అలాంటి తోడు అక్కర్లేదు. అనేదేదో నోటితో అనండి. చీటీలు కావాలంటే ఇంకో ఏడుగురు లేవండి, చూస్తాను." అని, కావాలనే, మా వైపు చూశాడు.

మేం లేవలేదు. పిల్లి కూడా అలా కూర్చోదు.

కట్లర్ అడిగాడు. హాలంతా "ఔను" అంది. నేనూ అన్నాను, గొంతు చించుకుని. ఫోను చూసుకోలేదు. "కాదు" అన్నది హార్వీ ఒక్కడే. బండి నిలబడింది. జనం సూప్ కోసం ఎగబడ్డారు. అరగంట క్రితం అరవై రెండు మంది కాదన్న సంగతి ఆ గదిలో జరగనట్టే ప్రవర్తించారు.

సభ చూడటానికి వచ్చిన ప్రొఫెసర్ హాబర్ తలుపు దగ్గర నన్ను పట్టుకుంది. ఆవిడ కళ్ళు మెరుస్తున్నాయి. "ఇంగ్రిడ్! నీకు ఎంత గొప్ప అధ్యాయం దొరికిందో తెలుసా?"

తెలుసు. అందుకే ఏడుపొచ్చింది.

గురువారం మధ్యాహ్నం, రద్దీ అయిపోయాక, భోజనశాలకి వెళ్ళాను. వెల్మా ఒక్కతే కుర్చీలో ఉంది. క్షమించమని అడగాలని వెళ్ళాను. అడిగే దారి తెలియక, "బండి నిలబడింది కదా" అన్నాను. సిగ్గు లేకుండా.

"నిలబడింది." నా కార్డు గీకి ఇచ్చింది. "ఒక్కటి చెప్పు తల్లీ. తెల్ల కాగితం ఎందుకేశావు?"

"ఇది మా ఊరు కాదు కదా అనుకున్నాం. మీ సంగతి మీరే తేల్చుకోవాలని..."

"నాలుగేళ్ళనుంచి రోజూ నా చేతిమీదుగా లోపలికెళ్ళి తింటున్నావు. మరి నీ ఊరేది?"

ఒహాయోలో మా ఇల్లు గుర్తొచ్చింది. అక్కడి ఊరి పెద్ద పేరు కూడా నాకు తెలియదు.

"పోన్లే. మీ ఏడుగురూ నాకు తెలుసు. హార్వీ తెలుసు. మీతో నాకు పేచీ లేదు." వెల్మా కార్డుల మిషన్ పక్కకి జరిపింది. "నిన్న పోస్టాఫీసులో ఒకావిడ నన్ను కావలించుకుంది. 'దేవుడి దయ వెల్మా, బండి నిలబడింది' అంది. చిన్నప్పుడు దానికి జడలేసేదాన్ని నేను. అది నన్ను పట్టుకుని ఉండగానే నేనేమనుకుంటున్నానో తెలుసా? నువ్వా? అరవై రెండులో నువ్వున్నావా? రాత్రి చర్చి ప్రార్థనలో పక్కాయన పాటల పుస్తకం నా ముందుకు జరిపాడు. నువ్వా? రేపు పొద్దున బండెక్కుతాను. ఆ బండి నడిపే డాట్‌ని చూసి కూడా అదే అనుకుంటానేమో. నాకు జబ్బులు చాలా ఉన్నాయి గాని, ఈ జబ్బు ఎప్పుడూ లేదమ్మా."

"నావల్లే" అన్నాను. ఈసారి విప్పి చూడటానికి ఏమీ మిగల్లేదు. "నేనే చేశాను వెల్మా. నన్ను క్షమించండి."

ఆవిడ తల ఊపింది. క్షమించిందో, విన్నానని చెప్పిందో తెలియలేదు. అడగలేదు.

అక్కడితో వచ్చేసి ఉంటే కాస్తయినా మనిషిననిపించుకునేదాన్ని. కానీ నేను రాజనీతిశాస్త్రం చదివినదాన్ని. వెల్మా అన్న మాటలు వ్యాసంలో లేకపోతే ఆ అధ్యాయం అబద్ధమవుతుందని ప్రొఫెసర్ హాబర్ అంది. అది నిజమే. రెండు వారాల తర్వాత, కాలేజీ కమిటీ వాళ్ళు అచ్చేసిన సమ్మతి పత్రం పట్టుకుని మళ్ళీ ఆవిడ కుర్చీ ముందు నిలబడ్డాను. వెల్మాకి చిన్న అక్షరాలు కనబడవు. నేనే చదివి వినిపించాను. మీ ఇష్టపూర్వకంగానే చెబుతున్నారు, ఎప్పుడైనా మానుకోవచ్చు, మీ పేరు ఎక్కడా రాకుండా రహస్యంగా ఉంచుతాం, బదులుగా ఒక మారుపేరు వాడతాం...

"ఆగు. ఆ ముక్క మళ్ళీ చదువు" అంది.

"మీ పేరు రహస్యంగా ఉంచుతాం."

వెల్మా చెయ్యి చాపి పెన్ను తీసుకుంది. కాగితాన్ని ముక్కు దాకా తెచ్చుకుని, ఆ వాక్యం ఎక్కడుందో నన్ను వేలు పెట్టి చూపించమంది. చూపించాను. దాని మీద అడ్డంగా ఒక గీత గీసి, కింద పెద్ద పెద్ద అక్షరాలతో తన పేరు రాసింది.

"వెల్మా ట్రాస్క్ అని రాయి తల్లీ" అంది. "ఈ ఊళ్ళో ఒక్కళ్ళయినా చెప్పింది తమ పేరుతో చెప్పాలి."